జాజికాయ: చూసి కొనడం, దాచుకోవడం, కొలిచి వాడడం ఎలా?

విజయవాడలో ఎవరింట్లో మసాలా డబ్బా మూత తీసినా ఓ మూల జాజికాయ ఒకటి కనిపిస్తుంది. చాలా ఇళ్ళలో అది ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. ఎప్పుడో బిర్యానీకని తెచ్చి, ఒక ముక్క కొట్టి వేసి, మిగిలింది అలా వదిలేస్తారు. ఇంకొందరు ఆ తిప్పలు ఎందుకని పొడి ప్యాకెట్ తెచ్చుకుంటారు. నేనూ కొన్నేళ్ళు పొడే వాడాను. ఒకసారి సంక్రాంతికి గుంటూరు వెళ్ళినప్పుడు మా నాన్నమ్మ బొబ్బట్ల పూర్ణంలోకి జాజికాయను సాన మీద నాలుగు చుట్లు అరగదీసి కలిపింది. వంటిల్లంతా వాసన. నా డబ్బాలో ఉన్న పొడికి అందులో పదో వంతు వాసన కూడా లేదని ఆ రోజే అర్థమైంది. అప్పటి నుంచి పొడి కొనలేదు. మీరూ కొనవద్దనే ఇదంతా రాస్తున్నాను.

పొడికి వాసన ఎందుకు పోతుందంటే, జాజికాయ ఘుమఘుమ అంతా అందులోని ఆవిరైపోయే నూనెలోనే ఉంటుంది. గింజ గట్టిగా ఉన్నంత కాలం ఆ నూనె లోపలే ఉండిపోతుంది. పొడి చేయగానే గాలికి ఎగిరిపోవడం మొదలవుతుంది. కొన్ని వారాల్లో చేదు, వగరు మాత్రమే మిగులుతాయి. వాసన చాలలేదని మనం ఇంకో అర స్పూను వేస్తాం, కూర చేదెక్కుతుంది. జాజికాయ నచ్చదనే వాళ్ళలో చాలామంది తిన్నది ఇలాంటి పాత పొడేనని నా నమ్మకం.

కొనేటప్పుడు

విజయవాడలో అయితే వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో, గుంటూరులో అయితే పట్నంబజారు, లాలాపేట వైపు కిరాణా హోల్‌సేల్ కొట్లలో అడగండి. సరుకు త్వరగా కదిలే కొట్టులో కొత్త కాయ దొరికే అవకాశం ఎక్కువ. మూల మీద చిన్న కొట్టులో సీసా అడుగున నాలుగు కాయలు కనిపిస్తే అవి ఎప్పటివో చెప్పలేం.

పెంకుతో ఉన్నవి, పెంకు తీసినవి, రెండు రకాలూ దొరుకుతాయి. పెంకుతో ఉన్నది నల్లగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల గింజ గలగలలాడితే బాగా ఎండిందని గుర్తు. పెంకు తీసింది బూడిద కలిసిన గోధుమ రంగులో, ముడతలు పడి ఉంటుంది. మీకు వాడకం తక్కువైతే పెంకుతో ఉన్నవే తీసుకోండి, ఎక్కువ కాలం నిలవ ఉంటాయి.

పెంకు తీసిన కాయను ఇలా చూడాలి. ముందు చేతిలో వేసుకుని బరువు చూడండి. సైజుకు తగ్గ బరువు ఉండాలి. తేలిగ్గా ఉంటే లోపల పురుగు తినేసి ఉండొచ్చు. తర్వాత చుట్టూ తిప్పి సన్నని కన్నాలు ఉన్నాయేమో చూడండి. ఒక్క కన్నం కనిపించినా పక్కన పెట్టేయండి, లోపలంతా పిండైపోయి ఉంటుంది. రెండు కాయలు ఒకదానికొకటి తాటిస్తే టక్కుమని గట్టి చప్పుడు రావాలి. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష సూదితో చేసేది. గుండుసూది గుచ్చి తీస్తే ఆ చోట చిన్న నూనె చెమ్మ కనిపించాలి. కొట్టు ముందు నిలబడి సూది గుచ్చడం మొహమాటంగా ఉంటే ఒకటి కొని ఇంట్లో చూసుకుని, బాగుంటే మళ్ళీ వెళ్ళండి. నేను గోటితో గట్టిగా గీస్తాను. గీరిన చోట వాసన ఘాటుగా రావాలి.

కొన్ని కాయల మీద తెల్లటి పొడి పట్టి ఉంటుంది. అది సున్నం కావచ్చు, పురుగు పట్టకుండా సున్నం పట్టించడం పాత అలవాటు. తుడిచి వాడుకోవచ్చు. బూజు సంగతి అలా కాదు. పచ్చగానో నల్లగానో బూజు కనిపించినా, ముక్క వాసన వచ్చినా మొత్తం పారేయండి. సరిగా ఎండని జాజికాయకు పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేయగలదు. పైపైన తుడిచినా, వేయించినా అది పోదు.

ఆయుర్వేద సామాన్లు అమ్మే కొట్టులో కొంటుంటే ఇంకో జాగ్రత్త. మాచికాయ అని ఇంకొకటి ఉంటుంది. పేరు దగ్గరగా ఉండడంతో పొరపాటు జరుగుతుంది. అది గుండ్రంగా, పైన చిన్న చిన్న బొడిపెలతో, వాసన లేకుండా ఉంటుంది. జాజికాయ కోడిగుడ్డులా కాస్త కోలగా ఉంటుంది. ఒకటి కోసి చూస్తే లోపల లేత రంగు మీద గోధుమ రంగు చారలు, చలువరాతి మీద గీతల్లా కనిపిస్తాయి.

జాపత్రి కొనేటప్పుడు రంగు చూడండి. పసుపు, నారింజ కలిసిన రంగులో, వంచితే పెళుసుగా విరిగేలా ఉండాలి. పెద్ద పెద్ద రేకులుగా, ముదురు ఎరుపులో ఉండి, నలిపినా వాసన రాకపోతే అది రాంపత్రి కావచ్చు. రాంపత్రి అదే కుటుంబానికి చెందిన అడవి చెట్టుది. జాపత్రి పేరుతో కలిపి అమ్ముతుంటారు. వేలితో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే తేడా క్షణంలో తెలిసిపోతుంది.

కాయ ఒకటే, దినుసులు రెండు

జాజికాయ, జాపత్రి రెండూ ఒకే కాయలోవని చాలామందికి తెలియదు. జాజి చెట్టుకు పసుపు రంగులో, చిన్న జామకాయంత కాయ కాస్తుంది. పండాక దానంతటదే రెండు చెక్కలుగా విచ్చుకుంటుంది. లోపల నల్లటి పెంకు, దాన్ని వల వేసి పట్టుకున్నట్టు చుట్టుకుని రక్తంలా ఎర్రటి పొర. ఆ పొర తీసి ఎండబెడితే జాపత్రి. పెంకులోని గింజ జాజికాయ. పొర రెండు వారాల్లోపే ఎండి రంగు మారుతుంది. గింజ పెంకులోనే ఆరు నుంచి ఎనిమిది వారాలు నెమ్మదిగా ఎండాలి. ఒక కాయకు వచ్చే జాపత్రి చాలా తక్కువ, అదీ చేత్తో జాగ్రత్తగా విప్పాలి. అందుకే జాపత్రి ధర జాజికాయ కన్నా బాగా ఎక్కువ.

పేరులో జాజి ఉన్నా మన జాజిపూలకూ దీనికీ చుట్టరికం లేదు. సంస్కృతంలో జాతీ అనే ఒకే మాట ఆ పూవుకూ ఈ కాయకూ ఉంది. తెలుగులో రెండూ జాజి అయ్యాయి. చెట్టు పుట్టిల్లు ఇండోనేషియాలోని బందా దీవులు. ఒకప్పుడు ఇది దొరికే చోటు ప్రపంచంలో ఆ చిన్న దీవులే. దీని కోసం 1621లో డచ్చి వాళ్ళు ఆ దీవుల మనుషుల్ని ఊచకోత కోశారు. 1667లో ఇంగ్లిష్ వాళ్ళతో చేసుకున్న బ్రెడా ఒప్పందంతో రన్ అనే జాజికాయల దీవి డచ్చి వాళ్ళ చేతిలో ఉండిపోయింది, ఇవాళ న్యూయార్క్ ఉన్న మన్‌హట్టన్ ఇంగ్లిష్ వాళ్ళకు దక్కింది. మనం డబ్బా మూలన పడేసే కాయ వెనక అంత నెత్తురు ఉంది. ఇప్పుడు మన దేశంలో ఎక్కువ పండించేది కేరళ. త్రిశూర్, ఎర్నాకుళం, కొట్టాయం జిల్లాల్లో కొబ్బరి, పోక తోటల నీడలో పెంచుతారు.

ఇంటికి తెచ్చాక

ఒక రోజు నీడలో, గాలి తగిలే చోట ఆరబెట్టండి. మన దగ్గర వానాకాలంలో, తుపాను రోజుల్లో గాలిలో తడి ఎక్కువ, కొట్టులోనే కాస్త చెమ్మ పట్టి ఉండొచ్చు. తర్వాత బిగుతు మూత ఉన్న గాజు సీసాలో వేసి, పొయ్యికి దూరంగా ఉన్న అరలో పెట్టండి. విజయవాడ ఎండలకు మే నెలలో వంటింటి అరలు కూడా వేడెక్కిపోతాయి. ఆ ఎండలు తగ్గేదాకా నేను సీసాని పడకగదిలో బీరువాలో పెడతాను. ఫ్రిజ్‌లో వద్దు. తీసి పెట్టినప్పుడల్లా చెమ్మ చేరుతుంది.

జాపత్రిని విడిగా ఇంకో సీసాలో, వెలుతురు తగలకుండా ఉంచండి. వెలుగుకు రంగు వెలిసిపోతుంది.

ఒకేసారి పావు కిలో కొనేయకండి. నలుగురున్న ఇంటికి ఏడాదికి ఐదారు కాయలు చాలు.

అరగదీయడం

పెంకుతో ఉన్న కాయను రోట్లో నిలబెట్టి, పొడుగ్గా ఉన్న కొస మీద పచ్చడి బండతో మెల్లగా ఒక్క దెబ్బ వేయండి. పెంకు పగిలి గింజ చెక్కు చెదరకుండా బయటికి వస్తుంది. అడ్డంగా పెట్టి కొడితే గింజ కూడా ముక్కలవుతుంది.

గింజను మూడు రకాలుగా వాడొచ్చు. తీపి వంటలకు నాకు సానే ఇష్టం. గంధం తీసే సాన మీద రెండు చుక్కలు పాలో నీళ్ళో వేసి గుండ్రంగా అరగదీస్తే మెత్తని ముద్ద వస్తుంది. పూర్ణంలో, పాయసంలో అది ఎక్కడా పలుకు తగలకుండా కలిసిపోతుంది. మసాలాలకు సన్న కన్నాల తురుముపీట చాలు, అల్లం తురుముకునేది ఉంటే అదే వాడండి. తురుముకు కాయ వెడల్పు వైపు కాకుండా కొస వైపు నుంచి మొదలుపెడితే పట్టు దొరుకుతుంది, వేళ్ళు గీరుకోవు. మూడోది మిక్సీ. మిగతా దినుసులతో కలిపి తిప్పితే నలుగుతుంది కానీ కాయను అలాగే వేస్తే బ్లేడు దెబ్బతింటుంది. ముందు చిన్న ముక్కలు కొట్టుకోవాలి.

అవసరమైనంతే తురిమి, మిగిలిన కాయను వెంటనే సీసాలో వేసేయండి. తురిమిన వైపు రంగు మారుతుంది, అదేం తప్పు కాదు. ఈసారి వాడేటప్పుడు మొదటి రెండు గీతలు తీసి పారేస్తే లోపలి వాసన మళ్ళీ తాజాగా వస్తుంది.

బిర్యానీ మసాలాలో

కిలో చికెన్ బిర్యానీకి మా ఇంటి లెక్క ఇది. 2 అంగుళాల దాల్చిన చెక్క ముక్కలు 3, లవంగాలు 12, యాలకులు 10, అనాసపువ్వులు 2, మరాటి మొగ్గలు 2, షాజీరా 1 స్పూను, మిరియాలు 1 స్పూను, ధనియాలు 2 స్పూన్లు, జాపత్రి రేకులు 2, జాజికాయ పావు కాయ.

జాజికాయ, జాపత్రి తప్ప మిగతావన్నీ సన్న సెగ మీద వేయించండి. ధనియాల వాసన రాగానే పొయ్యి కట్టేసి, ఆ వేడి బాండీలోనే జాపత్రి వేసి రెండుసార్లు కలపండి. జాపత్రి పలచన, సెగ మీద ఉంచితే మాడి చేదెక్కుతుంది. చల్లారాక అన్నీ మిక్సీ పట్టి, చివర్లో పావు కాయ జాజికాయను తురిమి ఆ పొడిలో కలపండి. జాజికాయను మాత్రం అసలు వేయించకండి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. వేయిస్తే ఏ వాసన కోసం వేస్తున్నామో అదే ముందు పోతుంది.

ఈ పొడిలో 2 స్పూన్లు ముక్కలు నానబెట్టేటప్పుడు పట్టించండి. దమ్ పెట్టే ముందు అన్నం మీద ఒక అర స్పూను చల్లండి. మిగిలింది సీసాలో పెట్టి నెల లోపల వాడేయండి.

మన గుంటూరు కారం ముందు జాజికాయ తేలిపోతుందని అనుకుంటారు. నేను గమనించిందేమిటంటే, కారం మోతాదు ఎక్కువున్న కూరలో జాజికాయ పెంచితే ఉపయోగం లేదు, చేదు మాత్రం బయటపడుతుంది. కారంగా ఉండే నాటుకోడి పులుసుకి, గోంగూర మాంసానికి నేను జాజికాయ వేయను, అక్కడ దాల్చిన చెక్క, లవంగం చాలు. పెరుగు, జీడిపప్పు, కొబ్బరిపాలు పడే వంటల్లో దీన్ని వాడితే బాగా తెలుస్తుంది. వెజ్ కుర్మా, పలావు, కొబ్బరన్నం ఇలాంటివి.

తీపి వంటల్లో

బొబ్బట్లకు అర కిలో శనగపప్పు, అర కిలో బెల్లం తీసుకుంటే, యాలకుల పొడి 1 స్పూను, జాజికాయ తురుము ఒక చిటికెడు. ఇంతకు మించొద్దు. పూర్ణం దగ్గరపడి పొయ్యి దించాక కలపాలి. ఉడుకుతుండగా వేస్తే సగం ఆవిరిలో పోతుంది. పాయసం, సేమ్యా, క్యారెట్ హల్వా, బాదం పాలు అన్నిటికీ ఇదే పద్ధతి: దించాకే.

పచ్చకర్పూరం వేసే వంటలో జాజికాయ వద్దు. చక్కెర పొంగలిలో రెండూ వేసి చూశాను, ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. యాలకులు, కుంకుమపువ్వు మాత్రం జాజికాయతో బాగా కలుస్తాయి.

చలికాలం రాత్రి ఒక గ్లాసు గోరువెచ్చని పాలలో తురుముపీట మీద నాలుగైదు గీతలు తురిమి, కాస్త బెల్లం వేసుకుని తాగండి. నిద్ర పడుతుందని పెద్దలంటారు. నాకు రుచి కోసమే ఇష్టం. నిద్ర పట్టడం లేదని రోజుకో గీత పెంచుకుంటూ పోవడం మాత్రం చేయకండి, కారణం కింద చెబుతాను.

తాంబూలంలో

పొన్నూరు వైపు నుంచి వచ్చే లేత తమలపాకులు దొరికితే, రెండు ఆకులకు ఈనె తీసి, ఆవగింజంత సున్నం రాసి, ఒక లవంగం, రెండు యాలకుల గింజలు, జాపత్రి పోగు ఒకటి, బియ్యపు గింజంత జాజికాయ ముక్క పెట్టి మడవండి. వక్క నేను మానేశాను. వక్క నోటి క్యాన్సర్‌కు కారణమని తేలింది. అది లేకపోయినా భోజనం తర్వాత నోరు హాయిగా ఉంటుంది. పెళ్ళి భోజనాల్లో కిళ్ళీ కట్టించేటప్పుడు కట్టే అతనికి ముందే చెప్పండి, జాజికాయ ముక్క పెద్దగా వేస్తే నాలుక మొద్దుబారుతుంది.

ఎంత దాటకూడదు

ఈ భాగం దయచేసి వదిలేయకండి. జాజికాయలో మిరిస్టిసిన్ అనే పదార్థం ఉంది. చిటికెడు మోతాదులో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఒకే మనిషి ఒకేసారి 5 గ్రాములు, అంటే దాదాపు ఒక కాయంత తింటే అది విషమవుతుంది. అంతకన్నా తక్కువకే బాధపడిన వాళ్ళూ ఉన్నారు. గుండె దడ, వాంతులు, నోరు ఎండిపోవడం, కళ్ళు తిరగడం, లేనివి ఉన్నట్టు కనిపించడం, విపరీతమైన కంగారు వస్తాయి. వెంటనే రావు, మూడు నుంచి ఆరు గంటల తర్వాత మొదలై ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. ఏమీ కాలేదు కదా అని మళ్ళీ తినేవాళ్ళకు అందుకే ప్రమాదం. మత్తు కోసం దీన్ని తింటున్న కుర్రాళ్ళ గురించి విన్నా, ఇంట్లో ఎవరైనా పొరపాటున ఎక్కువ తిన్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంటి వంటకు నేను పెట్టుకున్న కొలత: నలుగురు తినే గిన్నెడు వంటకు పావు స్పూను దాటకూడదు. తీపికి అందులో సగం కూడా అక్కర్లేదు.

చంటిపిల్లల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మా నాన్నమ్మ తరంలో వస, శొంఠి, కరక్కాయ, జాజికాయ సాన మీద అరగదీసి, తల్లిపాలలో రంగరించి పసిబిడ్డలకు ఉగ్గు పెట్టేవారు. నాకూ పెట్టారట. ఆ ప్రేమను తప్పు పట్టను. కానీ మూడు కిలోల బిడ్డకు సాన మీద ఒక చుట్టు ఎక్కువైనా అది పెద్ద మోతాదే. బిడ్డ ఏడుపు మాని పడుకుంటే మేలు జరిగిందని మనం అనుకుంటాం, నిజానికి అది మత్తు కావచ్చు. మా అబ్బాయి పుట్టినప్పుడు డాక్టరుగారు వద్దని చెప్పారు, మేం పెట్టలేదు. మీ అత్తగారో అమ్మగారో పట్టుబడితే గొడవ పడకుండా, పిల్లల డాక్టరు దగ్గరికి వాళ్ళని కూడా తీసుకెళ్ళండి. ఆయన నోటితో వింటే ఒప్పుకుంటారు.

గర్భిణులు వంటలో పడే చిటికెడు తప్ప మందుగా తీసుకోకూడదు. ఇంట్లో కుక్క ఉంటే జాజికాయ వేసిన హల్వా, కేకు దానికి పెట్టవద్దు. మొటిమలకు అరగదీసి రాసుకునే అలవాటు ఉంటే ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు ఆగండి. మంట, దద్దుర్లు వస్తే ముఖానికి వద్దు.

పెరట్లో చెట్టు పెంచాలనుకుంటే

కొట్టులో కొన్న కాయ నాటితే మొలవదు. జాజి గింజ ఎండితే మొలకెత్తే శక్తి పోతుంది, పండు విచ్చుకున్న వెంటనే నాటాలి. పైగా ఈ చెట్లలో ఆడ, మగ వేరు వేరు. గింజ నుంచి వచ్చిన మొక్కల్లో దాదాపు సగం మగవే. ఏది ఏదో తెలియడానికి పూత పూసే దాకా, అంటే ఆరేడేళ్ళు ఆగాలి. అన్నేళ్ళు నీళ్ళు పోసి పెంచింది మగ చెట్టని తేలితే కాయ ఒక్కటీ ఉండదు. అందుకే అంటు మొక్కే కొనండి. కొనేటప్పుడు ఆడ చెట్టు అంటు మొక్కేనా అని, నిలువుగా పెరిగే కొమ్మ నుంచి కట్టిన అంటు మొక్కేనా అని రెండూ అడగండి. పక్క కొమ్మ నుంచి కట్టింది పైకి లేవకుండా గుబురుగా పరుచుకుంటుంది. కోళికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ విడుదల చేసిన విశ్వశ్రీ రకం మంచి పేరున్నది.

ఇక మన వాతావరణం. నిజం చెప్పాలంటే గుంటూరు, విజయవాడ ఎండలు ఈ చెట్టుకు పడవు. దానికి నీడ, తేమ, ఏడాదంతా నీళ్ళు కావాలి. కోనసీమ కొబ్బరి తోటల్లో అంతర పంటగా బతుకుతుంది కానీ మన దగ్గర ఆరుబయట నాటితే రోహిణి కార్తె వడగాలికి ఆకులు మాడిపోతాయి. మీ పెరట్లో కొబ్బరిచెట్లో పెద్ద మామిడిచెట్టో ఉండి, దాని కింద మెత్తని, నీరు నిలవని నేల ఉంటేనే ప్రయత్నించండి. జూన్ చివర్లో వానలు పడ్డాక నాటండి. 3 అడుగుల గుంత తీసి పైమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. మొదలు చుట్టూ కొబ్బరి పీచో ఎండుటాకులో జానెడు మందాన పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. మార్చి నుంచి జూన్ దాకా రోజు విడిచి రోజు నీళ్ళు పెట్టి, పడమటి ఎండ తగిలే వైపు షేడ్‌నెట్ కట్టండి. దగ్గర్లో మగ చెట్టు లేకపోతే ఆడ చెట్టు పూసినా కాయదు కాబట్టి రెండో అంటు మగది తెచ్చి పక్కనే 20 అడుగుల దూరంలో పెట్టుకోవాలి. అంత చోటు లేని వాళ్ళు మొక్క ఆలోచన మానుకుని, కాళేశ్వరరావు మార్కెట్‌కే వెళ్ళడం నయం.